కెగ్ (బీరు నిల్వ చేసే లోహపు పీపా) నుంచి బీరు కంటే నురగే ఎక్కువ వస్తోంది, ఏం చేయాలి?

డాలస్‌లో ఉంటాం, బీరు ఇంట్లోనే చేసుకుంటాం. సీసాలు కడగలేక పాత సోడా కెగ్ ఒకటి కొన్నాం, 5 గ్యాలన్ల, గొట్టాలు నొక్కి బిగించే బాల్ లాక్‌ది. ఫ్రిజ్‌లో 38 డిగ్రీల ఫారెన్‌హీట్, గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) ఒత్తిడి 12 పీఎస్ఐ. వారం పైగా అలాగే ఉంచితే గ్యాస్ బాగానే పట్టింది. కానీ ట్యాప్ తిప్పితే ముప్పాతిక గ్లాసు నురగే! వెంటనే పోసిన రెండో గ్లాసు కాస్త నయం. కెగ్ నుంచి ట్యాప్‌కు వెళ్లే ట్యూబు 5 అడుగులే, లోపలి వ్యాసం 3/16 అంగుళం. 10 అడుగులది వేస్తే ఆగుతుందా, లేక తలుపుకున్న ట్యాప్ వెచ్చగా ఉండటమే కారణమా? పీఎస్ఐ తగ్గించమని మాత్రం చెప్పకండి, కొన్నాళ్లకు బీరు చప్పబడిపోతుంది.

ఇంకోటి, కెగ్ మూత ఓ-రింగుకు (గ్యాస్ లీకవకుండా వేసే రబ్బరు రింగు) పాత రూట్ బీర్ (ఒక రకం సోడా) వాసన వదలడం లేదు, వేడినీళ్లలో నానబెట్టినా అంతే. రింగులన్నీ మార్చేయాలా? సిలికాన్‌వి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?