ఉద్యోగం మానకుండా ప్రొఫెషనల్ బాక్సింగ్ ఆడటం కుదురుతుందా?

గోదాం_సౌత్‌పా:
నమస్తే అన్నలూ. నిజామాబాద్ దగ్గర గోదాంలో నైట్ షిఫ్ట్ చేస్తున్న. అమెచ్యూర్‌గా స్టేట్ దాకా ఆడిన. స్పోర్ట్స్ కోటాలో కొలువు తెచ్చేంత మెడల్స్ లేవు. ఇప్పుడు ప్రొఫెషనల్ లైసెన్స్ తీసుకోవాలని ఉంది. పని వదిలే ఆలోచన లేదు, ఇంటి కిరాయి నా మీదనే. రెండూ నడిపినోళ్లు, దగ్గరి నుంచి చూసినోళ్లు ఉంటే చెప్పండి.

లండన్_తెనాలి:
తమ్ముడూ, నేను లండన్ యార్క్ హాల్‌కి బౌట్లు చూడటానికి వెళ్తుంటాను. చిన్న కార్డుల్లో (ఒక రాత్రి వరసగా జరిగే బౌట్లని కార్డు అంటారు) దిగేవాళ్లు చాలామంది పగలు వేరే పని చేసుకునేవాళ్లే. స్థానిక కుర్రాడు తన టికెట్లు తనే అమ్ముకోవాలి. ఎదుటివాడి పర్సు, అంటే బౌట్ ఆడినందుకిచ్చే డబ్బు, కూడా ఆ అమ్మకంలోంచే పోతుంది, మిగిలిందే ఇతనిది. ఆ ఎదుటివాణ్ణే జర్నీమ్యాన్ అంటారు. గెలిచినా ఓడినా మాట్లాడుకున్న డబ్బు అతని చేతికొస్తుంది. అలాంటి జర్నీమ్యాన్ జానీ గ్రీవ్స్ గోడలకు రంగులేసే పని చేసుకుంటూ 100 బౌట్లు ఆడాడు, 96 ఓడాడు. 2013లో వందోది యార్క్ హాల్‌లోనే గెలిచి ఆపేశాడు. ఆ 96 చూసి అతన్ని తక్కువ చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మళ్లీ పనికెళ్లాల్సినవాడు దెబ్బ తలకెక్కకుండా నాలుగు రౌండ్లు నిలబడాలి. భుజం తిప్పి పంచ్ జార్చడం, క్లించ్‌లో, అంటే ఎదుటివాణ్ణి చేతులతో పట్టేసుకుని, ఊపిరి తీసుకోవడం, కొత్త కుర్రాడి ఊపుని అదుపులో పెట్టడం, ఇదంతా ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య.

బీచ్‌రోడ్_కోచ్:
విశాఖలో అమెచ్యూర్లకి నేర్పుతాను. మన దగ్గర అసలు ఆశ కోటా ఉద్యోగమే. బాక్సర్లలో హుస్సాముద్దీన్‌కి ఆర్మీ ఉద్యోగం, నిఖత్ జరీన్‌కి 2024లో డీఎస్పీ పోస్టు. మెడల్ దాకా రానివాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు, అందుకే నీ ప్రశ్న నాకు నచ్చింది బాబూ. నీకు పెద్ద అడ్డు డబ్బు కాదు, నిద్ర. బరువు బౌట్‌కి ముందు రోజే చూస్తారు. అంటే తూకం రోజు, బౌట్ రోజు, మర్నాడు, కనీసం ఈ మూడింటికీ సెలవు కావాలి. నీళ్లు తగ్గించి బరువు దించుతూ నైట్ డ్యూటీ మాత్రం చేయొద్దు. నాకౌట్ అయితే కొన్ని వారాలు స్పారింగ్ (ప్రాక్టీస్ బౌట్లు) కూడా ఉండదు. బ్రిటన్ బాక్సింగ్ బోర్డు మామూలుగా 45 రోజులు ఆపేస్తుంది. ఆ రోజుల్లో గోదాంలో బరువులెత్తే పని గురించి డాక్టర్‌ని విడిగా అడగాలి.

టోక్యో_కాకినాడ:
ఇక్కడ జపాన్‌లో కొత్త లైసెన్సు సీ క్లాస్, నాలుగు రౌండ్లే. ఆ స్థాయిలో పార్ట్‌టైమ్ పని లేనివాళ్లు అరుదు. పర్సులో మేనేజర్ వాటా 33 శాతం దాకా ఉంటుంది, చాలాసార్లు మిగతాది కూడా టికెట్ల రూపంలో ఇస్తారు. బంధువులకీ తోటి పనివాళ్లకీ అమ్ముకుంటేనే అది డబ్బవుతుంది.

పాతబౌట్ల_పిచ్చి:
బాక్సర్ చక్ వెప్నర్ అమెరికాలోని న్యూజెర్సీలో మద్యం సేల్స్‌మన్. 1975 మార్చి 24న ముహమ్మద్ అలీ మీద దిగాడు. తొమ్మిదో రౌండ్‌లో అలీ కింద పడ్డాడు, కానీ పదిహేనో రౌండ్ చివర్లో వెప్నర్ ఇక ఆడలేడని బౌట్ ఆపారు, అలీ గెలిచాడు. పూర్తిగా శిక్షణ మీదే కూర్చునే అవకాశం అతనికి ఆ బౌట్ కోసమే దొరికింది. అంత నిలబడ్డాక కూడా అతను మళ్లీ సేల్స్‌కే వెళ్లాడు.

లండన్_తెనాలి:
ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మనవాళ్లకి ఒక మాట. స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా ఆడకూడదు. ఒక్క బౌటే కదా అని దిగొద్దు, వీసాకే ముప్పు.

గోదాం_సౌత్‌పా:
అందరికీ థ్యాంక్స్. సూపర్‌వైజర్‌ని డే షిఫ్ట్ అడుగుత. కోచ్ సార్, లైసెన్స్ దరఖాస్తుకు ముందు మెదడు స్కాన్ చేయించుకోవాల్నా?

బీచ్‌రోడ్_కోచ్:
తప్పకుండా బాబూ, అడిగినా అడగకపోయినా చేయించుకో. కాపీ ఇంట్లో దాచు. తర్వాత ఏడాదికోసారి తీసే స్కాన్‌ని దానితో పోల్చి చూస్తారు. పర్సు ఎంతో కాగితం మీద రాయించుకోకుండా గ్లవ్స్ కట్టొద్దు. మా కుర్రాడొకడికి నోటిమాట మీద ఆడిన బౌట్ డబ్బు ఇప్పటికీ రాలేదు.