6వ తరగతికి చుట్టుకొలత, వైశాల్యం: చార్టు కాకుండా ఇంకేం చేయొచ్చు?

పెన్నఒడ్డు_బీఈడీ (నెల్లూరు)

అందరికీ నమస్కారం. బీఈడీ రెండో సంవత్సరం, మెథడ్ లెక్కలు. ఇంటర్న్‌షిప్పులో 6వ తరగతికి చుట్టుకొలత, వైశాల్యం పాఠం నా వంతు వచ్చింది. 42 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్లు మూడు.

టీఎల్ఎం (బోధనోపకరణాలు) అంటే మాకు తెలిసింది థర్మకోలు, రంగు కాగితాలు, చుట్టూ మెరుపు బోర్డరు. పిల్లలు చూసి బాగుందంటారు. ఆ తర్వాత పొడవు 8, వెడల్పు 5, వైశాల్యం ఎంత అని అడిగితే సగం మంది 26 అని రాస్తారు. సూత్రాలు రెండూ నోటికి వచ్చు, ఏది దేనికో తెలీదు.

నాకు అనిపించేది ఏమిటంటే, సృజనాత్మకంగా చెప్పడం అనేది మన చేతిలో ఉన్న బొమ్మలో కాదు, పిల్లల చేతికి ఏం పని ఇచ్చామన్న దాంట్లో ఉంది. కానీ 42 మంది చేతికి పని ఇస్తే క్లాసు సంత అయిపోతుందేమోనని భయం. ఖర్చు 100 రూపాయలు దాటకూడదు. సామాను, టైము లెక్కతో సహా చెప్పగలరా?

---

లెక్కల_మాస్టారు_నెల్లూరు

26 ఎందుకు వస్తుందో ముందు చూడమ్మా. బొమ్మలో కనిపించేది 8, 5 అనే రెండంకెలు. కూడాలో గుణించాలో ఆ బొమ్మ చెప్పదు. పైగా రెండు సూత్రాలూ ఒకే రోజు, ఒకే దీర్ఘచతురస్రం మీద చెప్పేస్తాం. పిల్లలకు ముందు విన్నది గట్టిగా పడుతుంది, రెండోది దాని మీద పేరుకుంటుంది. అందుకని మొదటి పీరియడ్డు మొత్తం వైశాల్యానికే ఇవ్వు. చుట్టుకొలత మాటే ఎత్తొద్దు, పుస్తకంలో వరస ఎట్టా ఉన్నా సరే.

నెల్లూర్లో ఉండి అంకణాన్ని వదులుకోవడం ఎందుకు? స్థలం అనగానే ఇక్కడ ఎన్ని అంకణాలు అనే అడుగుతారు. మన దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు. (తిరుపతి వైపు 36 లెక్కేస్తారు, ఆ గొడవ ఇప్పుడొద్దు.) పిల్లలు ఆ మాట రోజూ వింటారు గానీ కళ్లతో చూసి ఉండరు. దాన్ని నేల మీద గీసి చూపించడమే నీ పాఠం.

సామాను: పాత దినపత్రికలు, సుద్దముక్కలు, అట్ట. 12 అంగుళాల చదరం అట్టముక్కలు 7 కోసి పెట్టుకో, గుంపుకొకటి. పిల్లలు అట్టను పేపరు మీద పెట్టి, చుట్టూ గీసి కత్తిరించాలి. కొలవమని స్కేలు ఇవ్వొద్దు. జామెట్రీ బాక్సులో ఉండేది 15 సెంటీమీటర్ల స్కేలు, రెండుసార్లు జరపాలి. సగం మంది సున్నా గీత దగ్గర కాకుండా స్కేలు అంచు దగ్గర మొదలుపెడతారు, ముక్క ఒక్కోటి ఒక్కో సైజులో వస్తుంది. విప్పిన పేపరు ఒక షీటుకు రెండు ముక్కలొస్తాయి. తలా ఒక షీటు ఇస్తే 84. కావాల్సింది 72, పన్నెండు చెడిపోయినా ఇబ్బంది లేదు. ఈ కత్తిరింపు ముందురోజే అయిపోవాలి. పీరియడ్లో పెట్టావా, 25 నిమిషాలు అదే తినేస్తుంది.

బెల్లు కొట్టకముందే వరండాలో 9 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గీసి ఉంచు. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో ఐమూలలు కొలిచి చూసుకో, రెండూ సమానంగా ఉండాలి. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, ఒక కాగితం చూపించి, "ఇట్టాంటివి ఇందులో ఎన్ని పడతాయి?" అని అడుగు. అంచనాలన్నీ బోర్డు మీద రాయి. 30 అన్నా, 200 అన్నా రాయి, నవ్వొద్దు. 5 నిమిషాలు.

తర్వాత ఒక్క గుంపును పిలిచి కింది వరస మాత్రమే పరచమను. 9 పడతాయి. అక్కడ ఆపేయ్. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 72 ముక్కలూ ఒక్కసారే పరిపిస్తే పిల్లలకు లెక్కపెట్టే పని తప్ప ఏమీ మిగలదు, గుణకారం పుట్టదు. ఒక వరస పరిచి, మిగతా ఖాళీని చూస్తూ నిలబడితేనే "ఇట్టాంటి వరసలు ఎన్ని?" అనే ప్రశ్న వాళ్లంతట వాళ్లకు వస్తుంది. ఒకడు పక్క అంచు వెంబడి ఒక నిలువు వరస పేర్చి చూస్తానంటాడు. పేర్చనివ్వు. 8 వస్తాయి (మూల ముక్కను రెండుసార్లు లెక్కపెట్టి 9 అనేవాళ్లు ఉంటారు, వాళ్లచేతే ఇంకోసారి లెక్కపెట్టించు). ఎనిమిది తొమ్మిదులు అని ఎవరో ఒకరు అన్నాకే మొత్తం పరచి సరిచూడాలి. పొడవు ఇంటూ వెడల్పు అని బోర్డు మీద రాసేది చివరి 5 నిమిషాల్లో.

గాలికి కాగితాలు లేచిపోతాయి. మూలమూలకూ ఒక గులకరాయి పెట్టించు. జిగురు జోలికి పోవద్దు, రెండో ఆకారం పేర్చడానికి అవే ముక్కలు కావాలి. రెండో ఆకారం 12 అడుగులు, 6 అడుగులు. అది కూడా అంకణమే. ఆకారం మారినా కాగితాలు అవే 72 అని చూశాక, స్థలం సన్నగా పొడుగ్గా ఉంటే అంకణాలు ఎక్కువ అనుకునే పిల్లలు కొంచెం తగ్గుతారు.

రెండో పీరియడ్డు దారంతో. గుంపుకు 2 మీటర్ల 40 సెంటీమీటర్ల నూలుతాడు ఉచ్చు, ప్రతి 10 సెంటీమీటర్లకు స్కెచ్ పెన్నుతో గుర్తు, అంటే 24 భాగాలు. 7 గుంపులకూ కలిపి 17 మీటర్లు, ముడులకని ఒక మీటరు అదనం. గుర్తు బదులు ముడులు వేయొద్దు, ముడి ముడికీ కొలత మింగేస్తుంది. నలుగురు మూలలు పట్టుకోవాలి, ఒకరు భాగాలు లెక్కపెట్టాలి, ఒకరు పట్టిక రాయాలి. 11, 1 పెడితే వైశాల్యం 11. 10, 2 పెడితే 20. ఆ తర్వాత 27, 32, 35, చివరికి 6, 6 దగ్గర 36. దారం అంతే ఉంది, లోపలి చోటు మూడింతలు దాటింది! పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేది అప్పుడే. చుట్టుకొలత అనే పేరు ఆ రోజు చెప్పు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మూలలు వాలిపోయి ఆకారం పక్కకు ఒరుగుతుంది. చుట్టూ 24 అలాగే ఉంటుంది, లోపలి చోటు తగ్గిపోతుంది, పట్టికలో అంకె మాత్రం అదే పడుతుంది. నోటుబుక్కు మూలను దారం మూలలో ఆనించి చూసుకోమను.

---

చీమకుర్తి_టీచర్ (ప్రకాశం)

మాస్టారు చెప్పిన వరస బాగుంది. ఒక్క మాట కలుపుతాను చెల్లెమ్మా. అంకణం మాట నెల్లూరు పిల్లలకు చెల్లుతుంది, మా వైపు గజాలు, సెంట్లు. రేపు పోస్టింగు ఎక్కడొస్తుందో తెలీదు కదా, అక్కడివాళ్లు దేంతో కొలుస్తారో అది పట్టుకోవాలి. గజం 9 చదరపు అడుగులు. అంటే మీ అంకణం మాకు 8 గజాలు. సెంటు 435.6 చదరపు అడుగులు, మీ లెక్కలో 6 అంకణాల కంటే రవ్వంత ఎక్కువ.

చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా చెప్పడానికి మా ఊళ్లో గ్రానైటును మించింది లేదు. స్లాబు చదరపు అడుగుల్లో అమ్ముతారు. అంచు పాలిష్ రన్నింగ్ ఫీటు లెక్క, అంటే అంచు పొడవు ఎన్ని అడుగులో అంతే. రెండూ ఒకే బిల్లులో పక్కపక్కన ఉంటాయి. మూడో పీరియడ్డుకు ఇట్టాంటి లెక్క ఇవ్వండి: వంటింటి గట్టుకు 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు రాయి. రాయికి ఎన్ని అడుగుల డబ్బు కట్టాలి? పాలిష్‌కు ఎన్ని అడుగుల డబ్బు కట్టాలి?

రాయి 16 చదరపు అడుగులు, అందులో పేచీ లేదు. పాలిష్‌కు సూత్రం పెట్టి 20 అంటారు. అప్పుడు అడగండి, గోడకు ఆనుకుని ఉండే అంచుకు పాలిష్ ఎందుకు పెట్టిస్తారు అని. మూడు వైపులా గోడలుంటే 8 అడుగులే. ఒక పక్క తెరిచి ఉంటే 10. ఎల్ ఆకారం గట్టయితే ఇంకో అరగంట వాదన నడుస్తుంది. సూత్రం పట్టుకుని ఊగే పిల్లవాడికి ఇక్కడ బుర్ర పెట్టక తప్పదు. రేట్లు మీరు చెప్పొద్దు, ఇంట్లోనో కొట్లోనో అడిగి రమ్మనండి. ఒక్కొక్కరు ఒక్కో రేటు తెస్తారు, తేనివ్వండి.

మీ కోవూరు, ఇందుకూరుపేట వైపు పిల్లలైతే గ్రానైటు బదులు రొయ్యల గుంట. పీతలు రాకుండా కట్టే వల గుంట చుట్టూ, సున్నం చల్లేది గుంట అంతా. ఏది దేని లెక్కో వాళ్లే చెప్తారు.

---

బెల్లు_కొట్టారు

గోల సంగతి ఎవరూ చెప్పలేదు. గోల అనేది పనివల్ల రాదు, పని లేని చేతులవల్ల వస్తుంది. ఆరుగురి గుంపులో ఇద్దరు పనిచేసి నలుగురు చూస్తుంటే ఆ నలుగురూ ఖాళీ. దారం పనికి మాస్టారు ఆరుగురికీ వాటా వేశారు కాబట్టి సరిపోయింది. కాగితాల పనిలో మాత్రం ఒక గుంపు పరుస్తుంటే 36 మంది ఊరికే నిలబడతారు. అందుకని నోటుబుక్కులో గళ్లు గీసి, నేల మీద వరస పడేకొద్దీ రంగు వేయమనండి. మాట ఆగాలంటే అరవొద్దు. చెయ్యెత్తి నిలబడాలి, చూసినవాళ్లూ చెయ్యెత్తాలి. ఇది మొదటిరోజే రెండుసార్లు ఆడించి అలవాటు చేయాలి, గోల మొదలయ్యాక నేర్పితే పనిచేయదు.

ఇంకో సంగతి, ప్రశ్న అడిగాక ఆగడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని కొలిచింది: టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. 3 సెకన్లు ఆగిన చోట జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు తెరవని పిల్లలు కూడా మాట్లాడారు. ఇంటర్న్‌షిప్పులో వెనక బెంచీలో సూపర్‌వైజరు కూర్చుంటే ఆ మూడు సెకన్లు మూడు నిమిషాల్లా ఉంటాయి, అందుకే అందరూ జవాబు తామే చెప్పేస్తారు. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందు పిలిస్తే మిగతా 41 మంది ఆలోచించడం మానేస్తారు.

---

పెన్నఒడ్డు_బీఈడీ

మాస్టారూ, ఒక వరస దగ్గర ఆపడం అనే ఆలోచన నాకు రానేలేదు, చాలా థ్యాంక్సండి. రెండు సందేహాలు. క్లాసులో ఐదారుగురికి ఎక్కాలు రావు, వాళ్లనేం చేయాలి? పాఠ్యపథకంలో మూల్యాంకనం అని ఒక గడి ఉంది, అందరూ అక్కడ "ప్రశ్నలు అడుగుట" అని రాసేస్తున్నారు. నిజంగా 42 మందికి వచ్చిందో లేదో 5 నిమిషాల్లో ఎట్టా తెలుస్తుంది?

---

ఊరిబడి_ఎస్జీటీ (మార్కాపురం వైపు)

ఎక్కాలు రానివాళ్లను పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు రాయించొద్దండి, ఆ పాఠం వాళ్లకు పోయినట్టే. కాగితాల పనిలో వరసకో అంకె రాయించండి: మొదటి వరస చివర 9, రెండోదాని చివర 18, తర్వాత 27. అట్టా 72 దాకా. తొమ్మిదో ఎక్కం నేల మీద వాళ్లే పేర్చినట్టు అవుతుంది. 9 కష్టమైతే 5, 10 కొలతలున్న చిన్న ఆకారం ఇవ్వండి. లెక్క మారినా ఆలోచన మారదు.

మూల్యాంకనానికి పలకలు. మార్కాపురం పలక దొరికితే సరే, లేకపోతే ప్లాస్టిక్ పలకైనా, రఫ్ నోటుబుక్కులో పెద్దక్షరాలైనా. ఒక ప్రశ్న చదివి, 20 సెకన్లు ఇచ్చి, "ఎత్తండి" అనగానే అందరూ ఒక్కసారే ఎత్తాలి. ముందే ఎత్తితే పక్కవాళ్లు చూసి రాస్తారు. అడగాల్సింది జవాబు అంకె కాదు, "చు" అనో "వై" అనో ఒక అక్షరం. దడి కట్టడానికి వల? చు. గోడకు సున్నం? వై. చీరకు అంచు కుట్టడం? చు. గచ్చుకు టైళ్లు? వై. నాలుగు ప్రశ్నలకు 3 నిమిషాలు చాలు. గోడకు సున్నం దగ్గర "చు" ఎక్కువ కనపడితే కంగారు పడొద్దు. "నాలుగు గోడల చుట్టూ" అనే మాట వాళ్ల బుర్రలో ఉంది. ఒక్క గోడకు సున్నం అని మళ్లీ అడిగి చూడండి.

గడిలో రాయాల్సింది కూడా ఇదే: నాలుగు ప్రశ్నలు, పలకలు, ప్రశ్న ప్రశ్నకూ తప్పు ఎత్తినవాళ్ల సంఖ్య. ఆ సంఖ్యను బట్టే మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

---

లెక్కల_మాస్టారు_నెల్లూరు

టైళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మీ బడిలో 2 అడుగుల టైళ్లు పరిచి ఉంటే పేపర్లు ఎందుకు, 18 టైళ్లు లెక్కపెడితే అంకణమే కదా అనిపిస్తుంది. వాడుకో, కాకపోతే టేపు పెట్టి చూడు. 2 అడుగులని పిలిచే టైలు 600 మిల్లీమీటర్లు ఉంటుంది. నిజం 2 అడుగులంటే 609.6. 18 టైళ్లకు చదరపు అడుగులు 70కి కొంచెం తక్కువే వస్తాయి, అంకణానికి రెండు పైచిలుకు తరుగు. పిల్లలు కాగితాలు టైళ్ల మీద పరిస్తే అంచులు కలవవు, ఎందుకని నిన్నే అడుగుతారు. జవాబు చెప్పకుండా టేపు వాళ్ల చేతికివ్వు.