గణితంలో మాస్టర్స్ చేయాలా, గణిత విద్యలోనా?

తొమ్మిదేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. మళ్లీ చదువుకోవాలని ఉంది. కానీ ఈ రెండింటిలో ఏదన్నది ఎంతకీ తేలడం లేదు.

ఈ ఆలోచన పుట్టింది ఒక పాప వల్ల. 1/2 + 1/3 = 2/5 అని రాసింది. తప్పన్నాను. "మొదటి టెస్టులో రెండుకి ఒకటి, రెండో టెస్టులో మూడుకి ఒకటి వస్తే మొత్తం ఐదుకి రెండేగా టీచర్?" అంది. నోట మాట రాలేదు. క.సా.గు. తీసి జవాబు 5/6 అని చూపించానే గానీ, మార్కులకు సరిపోయిన లెక్క భిన్నాల కూడికకు ఎందుకు సరిపోదో విడమరిచి చెప్పలేకపోయాను. సబ్జెక్టు తెలియడం ఒక్కటే చాలదు, దాన్ని పిల్లలకు అందేలా మలిచే జ్ఞానం వేరే ఉందని అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లోనే రాశారు. చదివినప్పుడు తలూపాను, ఆ రోజు అర్థమైంది.

గణిత విద్యలో మాస్టర్స్ చేసినవాళ్లు ఉంటే చెప్పండి. అందులో అసలు గణితం ఎంత ఉంటుంది? ప్రూఫ్‌లు రాసి పదేళ్లు దాటింది, రియల్ అనాలిసిస్ అంటేనే టెన్షన్ (ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది). పిల్లలను ఇంటర్వ్యూ చేసి, వాళ్ల ఆలోచనను విశ్లేషించే పరిశోధన మీద నాకు ఆసక్తి. ఉద్యోగం చేస్తూ థీసిస్ రాయగలమా? నా తరగతి పిల్లల మీదే పరిశోధన చేస్తే గైడ్లు ఒప్పుకుంటారా?

అన్నిటికంటే ముఖ్యం, తర్వాత పీహెచ్‌డీకి వెళ్తే గణిత విభాగాల వాళ్లు ఈ డిగ్రీని చిన్నచూపు చూస్తారా? మొహమాటం లేకుండా చెప్పండి.