నీళ్ళలో తేలే తిమింగలానికి అంత వెన్నెముక దేనికి?

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి ప్లస్ వన్ చదువుతోంది. పుర్రె, వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక కలిస్తే అక్షాస్థిపంజరమనీ, శరీరానికి ఆధారమివ్వడం, లోపలి అవయవాలను కాపాడడం దాని పనులనీ పాఠంలో ఉంది. మొన్న ఎగ్మోరు మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరాన్ని చూసి, “దీని బరువు నీళ్ళే మోస్తాయి కదా నాన్నా, మరి ఇంత వెన్నెముక దేనికి?” అని అడిగింది. వెన్నుపామును కాపాడడానికని చెప్పాను గానీ, ఆ మాత్రానికి అంత లావు పూసలు అక్కరలేదని నాకే అనిపించింది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (జంతుశాస్త్ర అధ్యాపకురాలు, తాంబరం):
మీ సందేహం సరైనదేనండి. వెన్నుపాము వెళ్ళేది పూస వెనుక ఉన్న సన్నని ఎముక కమానులోంచి. లావుగా కనబడే ముందుభాగం పని వేరు. వెన్నెముకను బరువు మోసే స్తంభంగా చూడడం నిటారుగా నడిచే మనకు అలవాటు, కానీ కాళ్ళు ఏర్పడక చాలా ముందే చేపలకు వెన్నెముక ఉంది. ఈదే జంతువు కండరాలు ముడుచుకున్నప్పుడు ఒళ్ళు పొడవు తగ్గిపోకుండా వంగితేనే తోక నీటిని నెట్టగలుగుతుంది. ఆ పొడవును పిండదశలో పృష్ఠవంశం (వీపు పొడవునా ఉండే, వంగే కడ్డీ), ఆ తరువాత కశేరుకాలు, అంటే వెన్నుపూసలు, నిలబెడతాయి. తిమింగలం నడుము, తోక పూసల నుంచి పైకీ పక్కలకూ పొడుచుకువచ్చిన పలకలను ఈసారి అమ్మాయికి చూపించండి. తోకను ఆడించే కండరాలు అంటుకునేది వాటికే. చేప తోక పక్కలకు ఆడితే తిమింగలం తోక పైకీ కిందికీ ఆడుతుంది, ఎందుకంటే దాని పూర్వీకులు నేలమీద తిరిగిన క్షీరదాలు. పరుగెత్తే కుక్క నడుము వంగేదీ అలాగే.

జవాబు (ఫిజియోథెరపిస్టు, అడయారు):
పైవారు చెప్పినదానికి పక్కటెముకల సంగతి చేరుస్తాను. మనిషి 206 ఎముకలలో 80 అక్షాస్థిపంజరానివి, వాటిలో 24 పక్కటెముకలే. వాటిని గుండెకు, ఊపిరితిత్తులకు కవచమని మాత్రమే చెప్పి ఊరుకుంటారు గానీ, అవి లేచి దిగుతూ ఉంటేనే మనకు ఊపిరి ఆడుతుంది. బలీన్ తిమింగలాలలో (పళ్ళకు బదులు నోట్లో జల్లెడలాంటి పలకలు ఉండేవి) రొమ్ము ఎముకను అంటుకునేది మొదటి జత ఒక్కటే, కనుక లోతుకు మునిగినప్పుడు నీటి ఒత్తిడికి రొమ్ముగూడు విరగకుండా అణగగలదు. అదే జంతువు ఒడ్డున చిక్కుకుంటే ఆ వదులుగూడు సొంత బరువును ఆపలేదు, ఊపిరితిత్తులు నొక్కుకుపోతాయి. అంటే ఆధారమివ్వడమనే పనిని తిమింగలం చాలావరకు నీటికే వదిలేసింది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వెనుక కాళ్ళు లేవు కనుక తుంటి ఎముక కూడా పూర్తిగా లేనట్లేనా? ఉంటే అది ఏ విభాగంలోకి వస్తుంది?

జవాబు (తాంబరం అధ్యాపకురాలు):
చిన్న అవశేషం ఉంటుందండి, జననాంగాల కండరాలు దానికి అంటుకుంటాయి. తుంటి ఏ జంతువులో ఉన్నా అనుబంధాస్థిపంజరం (కాళ్ళు చేతులు, వాటిని మొండేనికి కలిపే ఎముకలు) కిందికే వస్తుంది. మనలో తుంటిని మోయడానికి 5 పూసలు అతుక్కుని త్రికం అనే ఒక్క ఎముకగా మారాయి. తిమింగలంలో తుంటి వెన్నెముకను తాకదు కనుక అలాంటి అతుకు లేదు, నడుము నుంచి తోక దాకా పూసలన్నీ విడివిడిగా కదులుతాయి.