కురోసావా సినిమాలకు మీ వరుస ఏది?

ప్రశ్న: జపాన్ దర్శకుడు అకిరా కురోసావా తీసిన ఇకిరు (1952), సెవెన్ సమురాయ్ (1954), రాన్ (1985). ఈ మూడింటినీ ఏ వరుసలో పెడతారు, ఎందుకు?

జవాబు 1: ఇకిరుకే మొదటి స్థానం. సినిమా ఇంకా చాలా ఉండగానే కథానాయకుడు చనిపోతాడు. అతనేం చేశాడన్నది సంతాపానికొచ్చిన ఉద్యోగుల వాదనల్లో తేలుతుంది. అంత తెగింపున్న కథనం అరుదు.

జవాబు 2: నేను ఒప్పుకోనండీ, సెవెన్ సమురాయే ముందు. ఊరి పటం ముందే చూపిస్తాడు కాబట్టి, వానలో జరిగే ఆఖరి పోరులో ఎవరెక్కడున్నారో తికమక ఉండదు. ఆ పోరును ఒకేసారి పలు కెమెరాలతో తీశారు. కోణం మారినా కదలిక తెగదు. అయితే 207 నిమిషాల పూర్తి ప్రతి చూశాకే ర్యాంకు ఇవ్వండి. కత్తిరించిన ప్రతులతో తూకం తప్పుతుంది.

జవాబు 3: రాన్‌ను కిందికి నెట్టకండి! కోట ముట్టడిలో యుద్ధధ్వనులు తీసేసి సంగీతమే ఉంచాడు, తుపాకీ పేలేదాకా. కథలోని ముసలి ప్రభువు ముగ్గురు కొడుకుల సైన్యాలకు పసుపు, ఎరుపు, నీలం రంగులిచ్చాడు.