‘మాటకు మాట వద్దు’ అన్నది నిజంగా రోమన్ల అనువాద సిద్ధాంతమేనా?

తూకంరాయి: భావానువాదానికి పుట్టిల్లు రోమే. క్రీ.పూ. 46లో రోమన్ వక్త సిసెరో, తాను లాటిన్‌లోకి తెచ్చిన గ్రీకు వక్తలు ఏస్కినీస్, డెమోస్తనీస్‌ల ప్రసంగాలకు రాసిన ముందుమాట చూడండి: దుబాసీలా కాదు, వక్తలా తెచ్చాను, పాఠకుడికి మాటలు లెక్కపెట్టి ఇవ్వలేదు, తూచి ఇచ్చాను. ఇంకేం కావాలి?

పదచ్ఛేదం: తూచిన సరుకేదండీ? ఆ అనువాదాలు మనదాకా రాలేదు, ముందుమాటే మిగిలింది. అదైనా అనువాదకుల కోసం రాసింది కాదు. పొడి మాటే అసలైన ఏథెన్స్ శైలి అని వాదించేవాళ్లకు డెమోస్తనీస్‌ను చూపించి నోరు మూయించడం సిసెరో ఉద్దేశం.

రోమన్ కవి హొరేస్‌దీ అదే కథ. కవిత్వకళ మీద రాసిన ‘ఆర్స్ పొయెటికా’ 133-134 పాదాల్లో ‘నమ్మకమైన దుబాసీలా మాటకు మాట పెట్టకు’ అన్నది కవితో. అందరికీ తెలిసిన ట్రాయ్ కథను సొంతం చేసుకోవడమెలా అని చెబుతున్న చోట. అక్కడ హొరేస్ వాడిన లాటిన్ మాట ‘ఇంటర్‌ప్రెస్’ అంటే బేరంలో నడుమ నిలబడేవాడు కూడా, అందుకే దుబాసీ అన్నాను. మాటకు మాట అప్పజెప్పడం దుబాసీ పనేనని హొరేస్ ఒప్పుకుంటున్నట్టే కదా!

మూలవిధేయ: వీళ్లిద్దర్నీ అనువాదకుల సాక్షులుగా బోనెక్కించింది, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన క్రైస్తవ పండితుడు జెరోమ్. మిత్రుడు పమ్మాకియస్‌కు రాసిన 57వ లేఖ అది. బిషప్ ఎపిఫానియస్ గ్రీకు ఉత్తరాన్ని లాటిన్‌లోకి తెస్తూ ‘గౌరవనీయుడా’ అన్నచోట ‘ప్రియమైనవాడా’ అని రాశాడని నింద పడితే ఇచ్చుకున్న సంజాయిషీ. అందులోనే, పవిత్ర గ్రంథాల్లో మాటల వరుస కూడా మర్మమే కాబట్టి ‘మాటకు మాట వద్దు’ అన్న సూత్రం వాటికి వర్తించదన్నాడు. సూత్రం ఎత్తిరాసేవాళ్లు ఈ మినహాయింపును హాయిగా వదిలేస్తారు.

తూకంరాయి: సందర్భం తప్పినా ప్రభావం ప్రభావమే. 1680లో ఇంగ్లీషు కవి డ్రైడెన్ కూడా, రోమన్ కవి ఓవిడ్ లేఖల ఇంగ్లీషు అనువాదానికి రాసిన ముందుమాటలో హొరేస్ పాదాన్నే సాక్ష్యం తెచ్చాడు.

కమేనా: ముందుమాటలు పక్కనపెట్టి పని చూడండి. హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీని లాటిన్‌లోకి తెచ్చిన లివియస్ ఆండ్రోనికస్, మొదటి పాదంలో గ్రీకు కావ్యదేవత మ్యూజ్‌ను తీసేసి ఇటలీ ఊటల దేవత కమేనాను కూర్చోబెట్టాడు. ఛందస్సూ ఇటలీలోని పాత స్థానిక ఛందస్సు సాటర్నియనే. కథానాయకుడు ఒడిస్సియస్‌కు హోమర్ ఇచ్చిన విశేషణం ‘పొలుట్రొపొస్’, పలు మలుపులవాడు. దానికి లివియస్ మాట ‘వెర్సూటస్’. అది ‘వెర్తెరె’, అంటే తిప్పడం, అన్న క్రియకు చుట్టం. లాటిన్‌లో అనువదించడాన్నీ ఆ క్రియతోనే చెబుతారు. ఆ తర్వాత రోమన్ కవి ఎన్నియస్ తన ‘అన్నాలెస్’ కావ్యంలో మళ్లీ మ్యూజ్‌లనే పిలిచాడు, హోమర్ వాడిన గ్రీకు ఛందస్సు హెక్సామీటర్‌నే లాటిన్‌లో నడిపించాడు. సిసెరో ముందుమాటకు వందేళ్ల పైనే ముందు రోమ్‌లో రెండు దారులూ నడిచాయి. మీరు పుట్టిల్లంటున్నది ఏ దారికి?