నెల్లూరు మూలాపేటలో పాత మిద్దె: అప్పు చేసి కొని, బాగుచేయించి అమ్మడం కొత్తవాడికి తగిన పనేనా?

మూలాపేట వాసి (ప్రశ్న):
మా వీధిలో 12 అంకణాల స్థలంలో ఉన్న పాత మిద్దె ఇల్లు అమ్మకానికి వచ్చింది. యజమాని 34 లక్షలు అడుగుతున్నారు గాని, దస్తావేజు మాత్రం ప్రభుత్వ విలువకు, అంటే 24 లక్షలకే రాయిద్దామంటున్నారు. నా చేతిలో 12 లక్షలున్నాయి. మిగిలినది గృహరుణంగా తెచ్చి, 8 లక్షలతో మరమ్మతులు చేయించి, ఏడాదిలోపు అమ్మాలని ఉద్దేశం. ఇది నా మొదటి ప్రయత్నం కనుక తెలిసినవారు లోటుపాట్లు చెప్పగలరు.

కావలి నుంచి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
చిక్కంతా ఆ 24 లక్షల దగ్గరే ఉంది. బ్యాంకు దస్తావేజు విలువనూ తన వాల్యుయర్ కట్టిన విలువనూ పక్కపక్కన పెట్టి, తక్కువదాని మీదే అప్పిస్తుంది. 30 లక్షల లోపు గృహరుణానికి రిజర్వు బ్యాంకు పెట్టిన గరిష్ఠ హద్దు 90 శాతం కాబట్టి మీకు వచ్చేది, అన్నీ కలిసొస్తే, 21.6 లక్షలు. ధరలో మిగిలిన 12.4 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 1.8 లక్షలు, మరమ్మతుల 8 లక్షలు కలిపితే 22.2 లక్షలు మీరే తేవాలి. పూర్తి ధరకు రాయిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు 75 వేలు పెరుగుతుంది గాని, రుణం 30 లక్షల దాకా రావచ్చు. పైగా దస్తావేజుకు ఎక్కని ఆ 10 లక్షలు నగదుగా చేతులు మారాలి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 24 లక్షలుగానే కనబడి, లేని లాభానికి పన్ను కట్టవలసి వస్తుంది.

ఒంగోలు నుంచి సివిల్ ఇంజనీరు:
లెక్కలు సరే, ముందు దూలాలు చూశారా? ఇలాంటి ఇళ్లలో చెక్క దూలం గోడలోకి దూరిన కొస దగ్గరే మొదట చెడుతుంది. బయటికి రంగు నిగనిగలాడుతున్నా, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కొన్నిచోట్ల గుమ్మడికాయలో దిగినట్టు దిగిపోతుంది. అలాంటివి రెండు తేలితే మీ 8 లక్షలు పైకప్పుకే చాలవు. ఇంకొక మాట: సున్నపు గోడకు సిమెంటు పూత వేయించకండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, ఉప్పు పట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. మా మేస్త్రీలు ఈ మాట ఎంత చెప్పినా వినరు. కప్పు తీసి స్లాబు వేయాలంటే మున్సిపాలిటీ అనుమతి తప్పదు; పాత వీధి కాబట్టి రోడ్డు కోసం స్థలం వదలమనే అవకాశమూ ఉంది.

వేదాయపాళెం నుంచి ఉపాధ్యాయిని:
పై ఇద్దరూ భయపెట్టినంతగా భయపడనక్కరలేదని నా అభిప్రాయం. నేనూ ఇలాంటి ఇల్లే కొన్నాను, కాని అమ్మలేదు. రెండు వాటాలు చేసి అద్దెకిచ్చాను. కొన్న 24 నెలల లోపు అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి, ఆ ఆదాయ స్థాయికి ఉన్న రేటు చొప్పున పన్ను పడుతుంది, ఆ గడువు దాటాక అమ్మితే 12.5 శాతమే. గోడలకూ కప్పుకూ పెట్టిన ఖర్చు బిల్లులుంటేనే కొనుగోలు ధరకు కలుస్తుంది, కాబట్టి మేస్త్రికిచ్చే డబ్బు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

కావలి నుంచి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అద్దె మాట బాగుందమ్మా, కాని 30 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలవాయిదా 26 వేలు. మూలాపేటలో రెండు వాటాలకు 14 వేలు వచ్చాయనుకున్నా, మిగిలిన 12 వేలు జీతంలోంచి పోతాయి. ఇల్లు ఖాళీగా ఉన్న నెలల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

వేదాయపాళెం నుంచి ఉపాధ్యాయిని:
ఆ 12 వేలనూ నేను ఇంటి మీద పొదుపుగానే చూశాను. ప్రతి నెలా అసలు కొంత తీరుతోంది కదండీ. అయితే జీతం స్థిరంగా లేనివారికి నేనూ ఈ సలహా ఇవ్వను.

మూలాపేట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. పూర్తి ధరకు రాయడానికి యజమాని నిన్న సాయంత్రం ఒప్పుకోలేదు. ఆయనకు ఆ 10 లక్షలు చేతికే కావాలట. ఈలోగా స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లాను. ఏడు దూలాల్లో పెరటి వైపు ఉన్న మూడు మెత్తబడ్డాయి. బయానా ఇవ్వకుండా తిరిగి వచ్చాను.